టర్బో నోట్లో బెల్లంముక్క

బండికి ఊపిరాడటం లేదని అనంత మొదటి రోజే కనిపెట్టింది. ఆ మాటకు ఉస్తాద్ చేత ఔననిపించడమే ఆమెకు చేతకాలేదు.

బండి బస్వరాజ్ సేఠ్‌ది. పదిహేడేళ్ల నాటి డీజిల్ పికప్. తాండూరు గనుల్లో నాపరాళ్లు వేసుకుని, ఏటవాలు దారిలో సగం ఎక్కేసరికి నల్లటి పొగ కక్కి ఆగిపోయేది. డ్రైవర్ ఖదీర్ దిగి, చక్రాల కింద రాళ్లు పెట్టి, బండిని కన్నవాళ్లను పేరు పేరునా తలుచుకునేవాడు.

ఆ బండికి టర్బో ఉంది. పొగ తోసే జోరుకు ఒక చక్రం తిరుగుతుంది. దాంతో పాటే తిరిగే ఇంకో చక్రం బయటి గాలిని లాగి ఇంజన్లోకి దట్టిస్తుంది. దట్టించిన గాలిని బట్టే బండికి దమ్ము. ఆ చక్రం నిమిషానికి లక్ష చుట్లు తిరుగుతుంది కాబట్టి యూనుస్ ఉస్తాద్ దాని మీద ఎవరి చెయ్యీ పడనిచ్చేవాడు కాదు.

ఉస్తాద్‌కు అరవై దాటాయి. షెడ్డుకు బోర్డు లేదు, ఆయనకు మాటలు తక్కువ. ఆ షెడ్డులో ఉన్నది ఒకటే చట్టం. పని అయ్యేదాకా చేతులు తుడుచుకోకూడదు. గోడకు మేకు, మేకుకు ఒక గుడ్డ. పని అయిందని ఉస్తాద్‌కు నమ్మకం కుదిరితే ఆ గుడ్డ తీసి శిష్యుల మీదికి విసురుతాడు. శభాష్ అనడు, భుజం తట్టడు. గుడ్డ పడిందంటే అయినట్టు. పడలేదంటే, బండి పరుగులు తీస్తున్నా సరే, కానట్టే.

రెండేళ్లలో అనంత మీద ఆ గుడ్డ బ్రేకులకు పడింది, క్లచ్‌లకు పడింది. టర్బోకు ఎన్నడూ పడలేదు.

పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసిన పిల్ల ఆమె. అక్కడి వాదోపవాదాల పోటీల్లో మూడేళ్లూ కప్పు ఆమెదే. ఎదుటివాళ్లు నోరు మూసుకుంటే మనం గెలిచినట్టని అక్కడే నేర్చుకుంది. ఉస్తాద్ ఎప్పుడూ నోరు మూసుకునే ఉండేవాడు. ఆ లెక్కన ఆమె రోజూ గెలుస్తూనే ఉండేది.

ఈ బండి మీద మాత్రం ఆమెకు ఉత్త గెలుపు చాలదు. బస్వరాజ్ సేఠ్‌కు ఇలాంటి ముసలి పికప్‌లు ఐదున్నాయి. ఇది గనిదారి ఎక్కితే ఐదింటి పనీ నీకేనని సేఠ్ నలుగురిలో అన్నాడు. ఐదు బండ్లుంటే సొంత షెడ్డు పెట్టుకోవచ్చు. సొంత షెడ్డుంటే తల్లి మాణెమ్మను సేఠ్ యూనిట్‌లో పని మాన్పించవచ్చు. మాణెమ్మ పందొమ్మిదేళ్లుగా అక్కడి కటింగ్ షెడ్డులో బండల అంచులు కోస్తోంది.

ఎందుకు మాన్పిస్తావని ఎవరైనా అడిగితే, సేఠ్‌కు నోటిదురుసు ఎక్కువ అనేది అనంత. దుమ్ము అని మాత్రం ఆమెకు తోచలేదు. తాండూరులో ఎవరికీ తోచదు. దుమ్ముకు బెల్లం ఉంది కదా.

అదొక ఆనవాయితీ. పొద్దుగూకే వేళ పని బంద్ కాగానే ఒక్కొక్కరి చేతిలో ఒక్కో బెల్లంముక్క పెడతారు. గొంతులోదీ రొమ్ములోదీ దుమ్మంతా ఆ బెల్లానికి పట్టుకుని కడుపులోకి దిగిపోతుందని నమ్మకం. నా దగ్గర ఒక్కనాడు కూడా బెల్లం బంద్ కాలేదని బస్వరాజ్ సేఠ్ పెళ్లిళ్లలో కూడా చెప్పుకుంటాడు. మాణెమ్మ తన ముక్క నోట్లో వేసుకోదు. కొంగున ముడేసి ఇంటికి తెస్తుంది. అనంత మూడేళ్లప్పటి నుంచి ఆ ముడి విప్పుతూనే పెరిగింది. పరీక్షలకు చదివిన రోజుల్లో చాయ్‌లో పడింది కూడా ఆ బెల్లమే.

యూనుస్ ఉస్తాద్ మాత్రం బెల్లం ముట్టడు. ఆయన అన్న జిలానీ అవే షెడ్లలో ఇరవై ఏళ్లు పనిచేసి నలభై మూడేళ్లకే పోయాడని బజారంతా తెలుసు. బెల్లానికీ దానికీ ఏం సంబంధమని ఎవరూ అడగలేదు.

పికప్ షెడ్డుకు వచ్చిన రోజు ఉస్తాద్ బానెట్ ఎత్తి, ఫిల్టర్ డబ్బా నుంచి టర్బోకు పోయే రబ్బరు పైపును రెండు వేళ్లతో నొక్కాడు. అనంత చెయ్యి పట్టుకుని ఆమె చేత కూడా నొక్కించాడు. పైపు మెత్తగా, ఉడికిన వంకాయలా ఉంది.

అదేం పెద్ద సంగతి కాదంది అనంత. అసలు దోషమంతా ఆ ఫిల్టర్ డబ్బాదేనని వాదన ఎత్తుకుంది. డబ్బా మూతి సన్నం, లోపల ఒకటి చాలక రెండు ఫిల్టర్లు, పైగా గాలి మూడు వంకలు తిరిగి రావాలి. పరుగెత్తేవాడి ముక్కుకు రెండు దుప్పట్లు చుట్టినట్టుందని చెప్పింది. డబ్బా పీకేసి, వెడల్పాటి రేకుగొట్టం ఒకటి తిన్నగా బండి ముందుకు పెట్టి, మూతికి పల్చటి స్పాంజి తొడిగితే చాలంది. ఎంత గాలి పెరుగుతుందో నోటు పుస్తకంలో లెక్క కట్టి చూపించింది.

ఉస్తాద్ పుస్తకం చూశాడు. పైపు ఇంకోసారి నొక్కాడు.

"చెయ్యి," అన్నాడు.

రెండేళ్లలో మొదటిసారి ఆయన పక్కకు జరిగి నిలబడ్డాడు. తను గెలిచానని అనంత అనుకుంది.

రెండు రోజులు పట్టింది. ఖదీర్ పక్కనే స్టూలు వేసుకుని కూచుని, చెల్లె పానా పట్టిందంటే నా బండి సిగ్గుకైనా గుట్టెక్కుతది అని వచ్చేపోయేవాళ్లకు చెప్పి నవ్వించాడు. గొట్టం బిగించాక, చివరి క్లిప్పు వేసేముందు ఉస్తాద్ వచ్చాడు. గ్రీజు డబ్బాలో వేలు ముంచి, స్పాంజి దాటాక టర్బో ఇంకా రాకముందు, గొట్టం లోపలి గోడకు పల్చగా ఒక పూత పూశాడు.

పిల్లకు దిష్టిచుక్క పెట్టినట్టుందని అనంతకు ఒళ్లు మండింది. ఎందుకని అడిగింది.

"ఉత్తగనే. పది దినాలకు ఇప్పి చూడు."

బండి స్టార్ట్ చేశారు. వెడల్పాటి గొట్టంలో గాలి దూసుకుపోతుంటే టర్బో ఈల వేసింది. పాత డబ్బా లోపల ఇన్నేళ్లూ నలిగిపోయిన ఈల అది. పక్క షెడ్ల వాళ్లు కూడా బయటికొచ్చి చూశారు. ఖదీర్ బజారు చివరిదాకా ఒక చక్కరు కొట్టొచ్చి, ఇది బండి కాదు గుర్రం అన్నాడు.

అనంత గుడ్డ కోసం చూసింది. ఉస్తాద్ అప్పటికే వేరే బండి కిందికి దూరాడు. ఆమె తనే వెళ్లి మేకు మీది గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకుంది.

ఆ తర్వాత పది రోజులు ఆమె కాలు నేలమీద నిలవలేదు. పికప్ నిండా బండలతో గనిదారిని ఒక్క ఊపున ఎక్కేస్తోంది. రెండు ట్రిప్పులకు ఆపసోపాలు పడ్డది నాలుగు వేస్తోంది. కటింగ్ షెడ్డు ఆడవాళ్లు పని ఆపి మరీ ఆ ఈల వింటున్నారట. అది మా పిల్ల ఈలేనని మాణెమ్మ అందట. అన్నాక దగ్గొచ్చి మిగతా మాట పూర్తికాలేదట. ఈ సంగతి చెప్పి ఖదీర్ నవ్వాడు, అనంత కూడా నవ్వింది. అమ్మకు ఆ దగ్గు ఎప్పుడూ ఉన్నదే. ఫ్యాన్ కింద పడుకుంటుంది, చెప్తే వినదు.

పదోనాడు బండి షెడ్డు ముందు ఆగింది, కానీ లోడుతో ఉంది. ఖదీర్ తొందరపడుతున్నాడు. మంచిగా నడుస్తున్న బండి ముక్కులో వేలు పెట్టి చూడటమేమిటని అనంత పంపేసింది.

"పది దినాలైనయి," అన్నాడు ఉస్తాద్ సాయంత్రం.

"బండి బ్రహ్మాండంగ నడుస్తున్నది ఉస్తాద్."

ఆయన మళ్లీ అడగలేదు. అనంత ఇంకోసారి గెలిచింది.

ముప్పై అయిదో రోజున పికప్‌ను ఇంకో బండికి గొలుసు కట్టి లాక్కొచ్చారు. మూడు రోజులుగా ఈల కాస్తా కీచుమంటోందని, బండ మీద కత్తి గీసినట్టుందని ఖదీర్ చెప్పాడు. ఆ పొద్దున గనిదారి మధ్యలో నీలం పొగ కమ్మేసి, ఒక్క అరుపు అరిచి ఆగిపోయిందట. వెనకే బస్వరాజ్ సేఠ్ మోటర్‌సైకిల్ మీద వచ్చాడు. బండి దిగకుండానే అరవడం మొదలుపెట్టాడు.

అనంత గొట్టం విప్పింది.

లోపల ఉస్తాద్ పూసిన గ్రీజు ఉంది. కానీ అది గ్రీజులా లేదు. వేలు పెడితే ఆకురాయిలా గరగరలాడింది. నాపరాయి పొడి అంతా దానికి అంటుకుని గట్టిపడింది. స్పాంజి దాటి లోపలికొచ్చిన దుమ్ము, గ్రీజుకు చిక్కినంత చిక్కి, మిగతాది నేరుగా ఇంజన్లోకి పోయింది. టర్బో చక్రం రెక్కలు ఏళ్ల తరబడి నూరిన కొడవలిలా అరిగి, అంచులు రంపపుపళ్లు తేలాయి. గొట్టం మూతి సరిగ్గా బండి ముందు చక్రం పక్కన, దుమ్ము ఎక్కడ ఎక్కువ లేస్తుందో అక్కడే ఉందన్నది ఆమెకు అప్పుడు కనబడింది.

నోటు పుస్తకంలో గాలి లెక్క ఉంది. గాలితో పాటు ఏమొస్తుందన్న లెక్క లేదు.

సేఠ్ వంగి ఆ గ్రీజును చూశాడు, రెక్కల్ని చూశాడు. అంతసేపు అరిచినవాడు ఒక్కసారిగా గొంతు తగ్గించాడు. అది ఇంకా భయంకరంగా ఉంది.

"ఇంజనంటే ఏమనుకున్నవ్? దానికి పానం ఉంటది. పిడికెడు దుమ్ము లోపలికి పోతే చస్తది. రోజూ దుమ్ము తినిపిస్తే ఎట్ల బతుకుతది? గంత తెల్వదా నీకు?"

అనంత తలొంచుకుంది. మిగతా నాలుగు బండ్ల సంగతి మర్చిపొమ్మన్నాడు సేఠ్. మాణెమ్మ ముఖం చూసి ఇస్తే ఇట్లా చేస్తివన్నాడు. ఆడపిల్లకు పానా ఇచ్చిన ఉస్తాద్‌ను కూడా నాలుగు అన్నాడు. గుమిగూడిన డ్రైవర్లలో ఎవరో ఇకిలించారు.

ఉస్తాద్ అంతా విన్నాడు. తర్వాత ఖదీర్ వైపు తిరిగి, క్యాబిన్‌లో ఉన్న సంచిలోంచి ఒక ముక్క తెమ్మన్నాడు. ఆ సంచి పొద్దున గంజ్ బజారులో కొన్నది, యూనిట్ వాళ్లకు వారానికి సరిపడా బెల్లం. ఖదీర్ అర్థంకాక సేఠ్‌ను చూసి, ఉస్తాద్‌ను చూసి, వెళ్లి ముక్క తెచ్చాడు.

ఉస్తాద్ దాన్ని అరిగిపోయిన టర్బో నోట్లో పెట్టాడు. బొటనవేలితో కొంచెం లోపలికి నొక్కాడు.

"ఇదేంది ఉస్తాద్?" అన్నాడు సేఠ్.

"బెల్లం సేఠ్. దుమ్ము తిన్నది గద. దిగిపోతది."

డ్రైవర్లు గొల్లుమన్నారు. ఖదీర్ కూడా నవ్వబోయి, మధ్యలో ఆగిపోయాడు. వాడి పెళ్లాం షాహీన్ కూడా మాణెమ్మ పక్క మిషన్ మీదే కూచుంటుంది.

"నీకు మతి గిట్ల తప్పిందా? ఇనుముకు బెల్లం పనిజేస్తదా?"

"చెయ్యదా?" అన్నాడు ఉస్తాద్, నిజంగానే తెలియక అడిగినట్టు.

"చెయ్యదు."

"మంచిది."

ఉస్తాద్ ముక్కను తీసి సేఠ్ అరచేతిలో పెట్టాడు. దాని మీద నల్లగా ఆయన బొటనవేలి ముద్ర పడింది. షెడ్డులో ఇప్పుడెవరూ నవ్వడం లేదు. సేఠ్ ముఖం ఎర్రబడింది. ఆయనకు అర్థం కాలేదని అనుకోవడానికి లేదు. అర్థమైంది కాబట్టే అంత తొందరగా క్యాబిన్‌లోని సంచిలోకి ఆ ముక్క విసిరేసి, బండిని ఇంకో షెడ్డుకు లాక్కుపొమ్మని చెప్పి, సంచి తీసుకుని వెళ్లిపోయాడు.

అందరూ పోయాక అనంతకు నోరు వచ్చింది. పైపు మెత్తబడి, గాలి లాగినప్పుడల్లా అతుక్కుపోతోందని ముందే తెలుసు కదా, కొత్త పైపు వేస్తే సరిపోయేది కదా, గొట్టం తప్పని కూడా తెలుసు కదా అంది. తన పేరు పోయింది, సొంత షెడ్డు పోయింది, అమ్మను బయటికి తెచ్చే దారి పోయింది. ఇంత జరుగుతుంటే చూస్తూ ఊరుకోవడం ఏం గురుత్వమని నిలదీసింది.

"ముందే ఒక్క మాట ఎందుకు చెప్పలే ఉస్తాద్?"

"చెప్పిన. ఒకపారి పైపుతోని, ఒకపారి గ్రీజుతోని." ఆయన పానాలు ఏరుకుంటూ తలెత్తలేదు. "నువ్వు జవాబిచ్చినవ్. ఇనలే."

ఆ సాయంత్రం మాణెమ్మ ఎప్పటిలాగే వచ్చింది. తెల్లటి దుమ్ములో తల ముగ్గుబుట్టలా ఉంది. గుమ్మం దగ్గర చీరె దులుపుకుంది, కాసేపు దగ్గింది, గోడ పట్టుకుని నిలబడింది. సేఠ్ పనిలోంచి తీసేశాడా అని అనంత భయంభయంగా అడిగింది. తీసెయ్యలేదంది తల్లి. ఎందుకు తీసేస్తాడు? ఆ మిషన్ మీద పందొమ్మిదేళ్లు కూచునే మనిషి మళ్లీ దొరకాలి కదా.

మాణెమ్మ కొంగు ముడి విప్పింది.

"ఇయ్యాల సేఠే పంచిండు. నాకైతె సంచిలకెల్లి ఏరి మరీ ఇచ్చిండు. నీ బిడ్డ షెడ్డుకు పోయొచ్చిన ముక్క, నువ్వే తిను అన్నడు. ఏమన్న కానియ్యి, బెల్లం బెల్లమే గద."

ముక్క మీద నల్లటి ముద్ర ఉంది. మాణెమ్మ కత్తిపీట దగ్గర కూచుని నలుపు ఉన్నంతమేరా గీకేసింది. గీకిన తునకలు తన నోట్లో వేసుకుంది, పారెయ్యడం ఎందుకని. శుభ్రంగా మిగిలిన ముక్కను కూతురి చేతిలో పెట్టింది.

పందొమ్మిదేళ్లలో అమ్మ బెల్లం తినగా చూడటం అనంతకు ఇదే మొదలు.

తెల్లవారి మాణెమ్మ పనికి బయల్దేరుతుంటే, అనంత గ్రీజు తెచ్చి సద్దిగిన్నె మూత మీద పల్చగా ఒక పూత పూసింది. మిషన్ పక్కన నీ తల ఎత్తున పెట్టుకో, తుడవకు అంది. సద్దిగిన్నెకు గ్రీజేంది, పిచ్చి ముదిరిందా అని మాణెమ్మ కాసేపు తిట్టింది. ఎందుకని అడిగింది.

"ఉత్తగనే," అంది అనంత.

సాయంత్రం గిన్నె వచ్చింది. అనంత మూత తీయలేదు. గిన్నెను రెండు చేతులా పట్టుకుని అలాగే షెడ్డుకు నడిచింది.

ఉస్తాద్ చాయ్ తాగుతున్నాడు. బల్ల మీద నిన్న విప్పిన రేకుగొట్టం ఇంకా అక్కడే ఉంది. అనంత దాని పక్కన గిన్నె పెట్టింది. గొట్టంలో ఉన్నది ముప్పై అయిదు రోజుల దుమ్ము. పక్కపక్కన పెడితే ఏది ఏదో పోల్చుకోవడం కష్టంగా ఉంది.

ఆమె మూత మీద వేలితో గీసింది. గరగరమంది. వేలు ఎత్తి ఉస్తాద్‌కు చూపించింది.

"ఒక్క పూట," అంది. వాదనలో ఎన్నడూ పలకని గొంతు అది.

ఉస్తాద్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ఆ వేలిని చూశాడు. జిలానీ పేరు ఎత్తుతాడనుకుంది అనంత. ఎత్తలేదు.

ఆమె చేతులు తుడుచుకోవాలని అలవాటుగా మేకు వైపు తిరిగింది.

ఉస్తాద్ ఆమె కంటే ముందే లేచాడు. గుడ్డ తీసి, నాలుగు మడతలు పెట్టి, తన జేబులో పెట్టుకున్నాడు.

"పని కాలే బిడ్డా."